ఎఫ్‌డీ తీసి సర్వర్ కొనాలా?

ప్రశ్న: తెనాలిలో 2016 నుంచి కంప్యూటర్ శిక్షణ కేంద్రం నడుపుతున్నాను. ఇరవై కంప్యూటర్లు ఉన్నాయి. పన్నెండు అప్పుడు కొన్నవి, ఎనిమిది 2021లో కొన్నవి. ఆఫీసు, ట్యాలీ, డీటీపీ, ఆటోక్యాడ్ నేర్పుతాం. ఫీజుల రాబడి నెలకు సగటున రూ.1.10 లక్షలు, ఖర్చులు పోను మిగిలేది రూ.42 వేలు. పాతవన్నీ తీసేసి అందరి పనీ తానే చేసే ఒక సర్వర్, ఆ పనిని తెర మీద చూపే చిన్న పెట్టెలు (థిన్ క్లయింట్లు) ఇరవై, నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే నాలుగు డిస్కుల పెట్టె (నాస్) పెడతామని ఒక సంస్థ జీఎస్టీతో కలిపి రూ.8,49,600కు కొటేషన్ ఇచ్చింది. కరెంటు ఆదాతోనే వాయిదాలు తీరిపోతాయంటున్నారు. రూ.6 లక్షలు మూడేళ్లకు 12 శాతం ఫ్లాట్ వడ్డీతో వాళ్లే ఇప్పిస్తారట. అమ్మాయి ఇంజినీరింగ్ కోసం దాచిన రూ.6 లక్షల ఎఫ్‌డీ కూడా ఉంది. దాన్ని తీయమంటారా, అప్పు చేయమంటారా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లవద్దు. ఆ డబ్బు అమ్మాయిది. వాళ్లు ఇప్పించే అప్పు కూడా వద్దు. ఇక కొటేషన్ విషయం.

ముందు ఆ కరెంటు మాట తేలుద్దాం. మానిటర్లు ఎలాగూ ఉంటాయి కాబట్టి వాటిని పక్కన పెట్టండి. ఒక్కో సీపీయూ 80 వాట్ల చొప్పున ఇరవై, రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు నడిస్తే 320 యూనిట్లు. థిన్ క్లయింట్ 10 వాట్లు, సర్వర్ 300 వాట్లు అనుకుంటే మొత్తం 100 యూనిట్లు. ఆదా 220 యూనిట్లు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా నెలకు మిగిలేది రూ.2,200. మరి వాయిదా? ఆరు లక్షలకు మూడేళ్ల ఫ్లాట్ వడ్డీ రూ.2,16,000, నెలకు రూ.22,667. కరెంటు ఆదా అందులో పదో వంతు కూడా లేదు. మీకు మిగిలే 42 వేలలో సగానికి పైగా వాయిదాకే పోతుంది.

ఫ్లాట్ వడ్డీ అంటే, మీరు అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అప్పు మీదే లెక్కిస్తారు. బ్యాంకులు చెప్పే తగ్గే నిల్వ పద్ధతిలో, అంటే మిగిలిన అప్పు మీదే వడ్డీ వేసే పద్ధతిలో చూస్తే ఈ 12 శాతం సుమారు 21 శాతం అవుతుంది. అదే ఆరు లక్షలను నిజమైన 12 శాతానికి తీసుకుంటే వాయిదా సుమారు రూ.19,930. తేడా మూడేళ్లలో దాదాపు రూ.98,500.

పైగా ఏడాదికి రూ.13 లక్షల రాబడికి మీరు జీఎస్టీ నమోదు చేసుకోనవసరం లేదు. సేవలకు పరిమితి రూ.20 లక్షలు. నమోదు లేకపోతే కొటేషన్‌లోని రూ.1,29,600 పన్ను తిరిగి రాదు, అది నికరంగా ఖర్చే. ఆదాయపు పన్నులో కంప్యూటర్లకు 40 శాతం తరుగుదల ఉంది కదా అని కూడా సంస్థ వాళ్లు అని ఉంటారు. అది ఖాతాలు రాసి రిటర్ను వేసేవారికి. ఖాతాలు లేకుండా రాబడిలో నిర్ణీత శాతాన్ని లాభంగా చూపే అంచనా పద్ధతిలో వేసేవారికి విడిగా ఏమీ రాదు. ఖాతాలు రాసినా, అక్టోబరు మొదటి వారం దాటాక వాడకం మొదలుపెడితే ఆ ఏడాదికి సగమే.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది కొటేషన్‌లో లేని వరుస. విండోస్ సర్వర్ మీద ఇరవై మంది పని చేయాలంటే సర్వర్ లైసెన్సు ఒక్కటి సరిపోదు. ప్రతి సీటుకూ సర్వర్ యాక్సెస్ లైసెన్సు, దానిపైన రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సు కావాలి. ట్యాలీకీ ఒకరి లైసెన్సుతో ఇరవై మందిని కూర్చోబెట్టలేరు. ‘అది మేం చూసుకుంటాం’ అని నోటిమాటగా చెబితే, దొంగ కాపీ వేస్తారని అర్థం చేసుకోండి. తనిఖీ వస్తే జవాబు చెప్పాల్సింది మీరు.

2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేల పాఠశాలల్లో ఒక కంప్యూటర్‌ను అనేక మంది పంచుకునే పద్ధతినే పెట్టింది. కాబట్టి సాంకేతికతలో దోషం లేదు. ట్యాలీకి, ఆఫీసుకు చక్కగా సరిపోతుంది. ఆటోక్యాడ్‌కు, డీటీపీ బొమ్మలకు మాత్రం గ్రాఫిక్స్ కార్డున్న సర్వర్ లేకపోతే తెర ఈడుస్తుంది. ఇంకొకటి, ఇప్పుడు ఒక కంప్యూటర్ చెడితే పందొమ్మిది మంది పని చేస్తారు. రేపు సర్వర్ ఆగితే బ్యాచ్ మొత్తం ఇంటికి వెళ్తుంది.

నేనైతే ఇలా చేస్తాను. 2021 నాటి ఎనిమిదింటిని డీటీపీ, ఆటోక్యాడ్‌కు ఉంచుతాను. అవి విండోస్ 11కు సరిపోతాయేమో ఒకసారి చూపించండి. 2016 నాటి పన్నెండు సరిపోవు, వాటిలోని విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అయినా తూకానికి అమ్మవద్దు. వాటిలో విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత వ్యవస్థ వేస్తే అవే థిన్ క్లయింట్లుగా పనిచేస్తాయి. అప్పుడు కొనాల్సింది పన్నెండు సీట్లకు సర్వర్ మాత్రమే, సీటుకు 4 జీబీ లెక్కన 48, సర్వర్ సొంత అవసరానికి మిగతాది, మొత్తం 64 జీబీ మెమరీ చాలు. దానికి లైసెన్సులతో, యూపీఎస్‌తో కలిపి కొత్త కొటేషన్ అడగండి. ఆ మొత్తాన్ని పన్నెండుతో భాగించి, మీ ఊళ్లో కొత్త సీపీయూ ఎంతకు వస్తుందో దానితో పోల్చండి. సర్వర్ లెక్క ఎక్కువ తేలితే మారుమాట లేకుండా సీపీయూలే కొనండి, నాలుగు నాలుగుగా. పాత కొటేషన్‌లో నాస్ రూ.1,53,400 తీసేసినా సీటుకు రూ.34,810 పడుతోంది, మానిటర్ లేకుండా, లైసెన్సు లేకుండా!

అప్పు తప్పకపోతే బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణాల్లో కిశోర్ రకం కింద అడగండి. రూ.5 లక్షల వరకు తనఖా అక్కరలేదు. 12 శాతమే పడినా, నాలుగు లక్షలకు మూడేళ్ల వాయిదా సుమారు రూ.13,300.

నాస్‌ను మాత్రం వాయిదా వేయవద్దు. ఫీజుల లెక్కలు, విద్యార్థుల ఫైళ్లకు రెండు డిస్కుల చిన్న పెట్టె సరిపోతుంది. రెండు డిస్కుల్లోనూ ఒకే సమాచారం ఉండేలా పెట్టిస్తే ఒకటి పోయినా నష్టం లేదు. కానీ పొరపాటున తుడిచేస్తే రెండింటిలోనూ పోతుంది. ఈ తేడా తెలియక నా ఆఫీసులో ఒక ఏడాది రిటర్నుల కాగితాలన్నీ మళ్లీ స్కాన్ చేయించుకున్నాను. వారానికోసారి బయటి హార్డ్‌డిస్కులోకి నకలు తీసి ఇంటికి తీసుకెళ్లండి. పెట్టెను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవవద్దు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దోపిడీ వైరస్ అలా తెరిచి ఉంచిన నాస్‌లలోకే దూరింది.

కొత్త కొటేషన్ వచ్చాక, లైసెన్సు వరుసతో సహా, నాకు పంపండి.