వైజాగ్‌లో దూసుకెళ్లే బైక్ లద్దాఖ్ కనుమల్లో ఎందుకు లాగదు?

బండి పాడై కాదు, పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడటం వల్ల లాగదు. పెట్రోలు మండాలంటే ఆక్సిజన్ కావాలి. గాలిలో దాని వాటా ఎక్కడైనా 21 శాతమే. కానీ 5,359 మీటర్ల ఎత్తున్న ఖార్దుంగ్ లా దగ్గర గాలి పీడనం మన బీచ్ రోడ్డులో ఉన్నదాంట్లో సుమారు సగం, కాబట్టి ఇంజిన్‌కి అందే ఆక్సిజనూ దాదాపు సగానికి పడిపోతుంది. ఇక్కడ 20 హార్స్‌పవర్ ఇచ్చే బండి అక్కడ పది, పదకొండు ఇస్తే గొప్ప. వెనక మనిషి, లగేజీ కూడా ఉంటే ఎక్కుడులో మొదటి గేరు వదలదు. (కైలాసగిరి ఎక్కి చూసి లాభం లేదు, అది 200 మీటర్లు కూడా ఉండదు.)

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి ఈ బాధ లేదని చాలామంది అనుకుంటారు. అది గాలికి తగ్గట్టు పెట్రోలు తగ్గిస్తుంది, కార్బురేటర్ బండిలా నల్లపొగ కక్కదు, అంతే. లేని గాలిని అదీ తేలేదు.