ప్రధాని విమానానికి దారి గీసేటప్పుడు

సీతమ్మధార, విశాఖపట్నం.

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్ను వీవీఐపీ పర్యటనల సెక్షన్‌లో వేశారని మీ నాన్న చెప్పాడు. సంతోషం. ఒక్క మాట ముందే చెప్తాను: మ్యాప్ తెరవగానే గీత గీసేయకు. ఏయే దేశాల మీదుగా పోవాలో రాసుకుని, వాటిలో ఎవరు కాదనగలరో చూడు.

మన వైజాగ్ ఎయిర్‌పోర్టు సంగతి నీకు తెలిసిందే. రన్‌వే నేవీ వాళ్ల విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగది. వాళ్లు మూశారంటే ప్యాసింజర్ విమానాలు ఆగాల్సిందే. ఆకాశానికీ అలాగే సొంతదారులుంటారు. 1944 నాటి చికాగో ఒప్పందం ప్రకారం ప్రభుత్వ విమానం ఇంకో దేశం మీదుగా పోవాలంటే ఆ దేశం ఒప్పుకుని తీరాలి. 2013లో బొలీవియా అధ్యక్షుడు ఈవో మొరాలెస్ మాస్కో నుంచి ఇంటికి బయల్దేరితే, దారిలో కొన్ని ఐరోపా దేశాలు అడ్డుపడి, రాత్రంతా వియన్నాలో ఉండిపోవాల్సొచ్చింది. 2019లో మన రాష్ట్రపతి కోవింద్ ఐస్‌లాండ్ ప్రయాణానికి పాకిస్తాన్ దారివ్వనంది. అదే ఏడాది జూన్‌లో కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్ వెళ్లడానికి పాకిస్తాన్ సూత్రప్రాయంగా సరేనన్నట్టు వార్తలొచ్చినా, ప్రధాని ఒమన్, ఇరాన్ మీదుగా చుట్టు తిరిగే వెళ్లారు. నన్నడిగితే అదే మంచి పని. కాబట్టి రెండో దారి కూడా సిద్ధంగా ఉండాలి. కాగితం మీద గీత ఉంటే చాలదు. దానికీ అనుమతులు చేతిలో ఉండాలి, ఇంధనం లెక్క కట్టి ఉండాలి.

అనుమతి రాగానే నంబరు ఒక్కటే చూసి సంబరపడకు. ఏ గంట నుంచి ఏ గంట దాకా చెల్లుతుందో చూడు. అదంతా యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ఉమ్మడి టైములో ఉంటుంది. ఢిల్లీలో రాత్రి రెండింటికి బయల్దేరితే యూటీసీలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. తేదీయే మారిపోతుంది! పైగా నాయకుల భేటీలు అనుకున్న టైముకి ఎక్కడ ముగుస్తాయి? ఆ జాప్యాన్ని కూడా కలుపుకునే గడువు అడుగు.

ప్రోటోకాల్ వాళ్లిచ్చేది తలుపు తెరిచే టైము, చక్రాలు నేలను తాకే టైము కాదు. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రా. మన ప్రధాని విమానం బోయింగ్ 777 దాదాపు 74 మీటర్ల పొడుగు. అది ఆగే చోట ముందు ఎడమ తలుపు కార్పెట్ వైపే తిరగాలి. పడమటికి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో ఈ తేడా మరీ ఎక్కువ. ఆలస్యానికి అందరూ టెన్షన్ పడతారు గానీ, ముందే చేరినా తంటానే, స్వాగతం పలికేవాళ్లు ఇంకా రోడ్డు మీదే ఉంటారు.

కొన్ని చోట్లకి విమానమే పోదు. 2018లో ప్రధాని జోర్డాన్ హెలికాప్టర్‌లో పాలస్తీనాలోని రమల్లా వెళ్లారు. 2024లో పోలండ్ నుంచి రైల్లో కీవ్ చేరారు. అలాంటప్పుడు విమానం ఎక్కడ ఆగి ఎదురుచూడాలో తేల్చడం కూడా నీ పనే.

ఫ్లైట్ ప్లాన్ ఫైల్ చేసే ముందు 18వ గడిలో ‘ఎస్‌టీఎస్/హెడ్’ (దేశాధినేత స్థాయి ప్రయాణమని చెప్పే గుర్తు) పడిందో లేదో నీ కళ్లతో నువ్వే చూసుకో, ఎవరి మాటా నమ్మకు.

సంక్రాంతికి వస్తే మిగతావి మాట్లాడుకుందాం. ఎవరు ఎప్పుడు ఎటు వెళ్తున్నారో మాత్రం నాకు చెప్పకు తల్లీ, బీచ్ రోడ్డు వాకింగ్‌లో నా నోరు ఆగదు.

మీ పెదనాన్న