మంత్రం సంగతి తర్వాత, ముందు నోరు తిరగనీ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఎవరో రీల్‌లో చెప్పిన బీజాక్షర మంత్రం ('హ్రీం' లాంటి ఒంటి అక్షరాల మంత్రం) రోజుకు 1,008 సార్లు, 41 రోజులు చేస్తే సిద్ధిస్తుందట, మంచిరోజు చూసి చెప్పమన్నావు. మంచిరోజుదేముందిరా, పంచాంగం తిరగేస్తే దొరుకుతుంది. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లో ఆ మంత్రం మూడుసార్లు చదివావు. మూడుసార్లూ మూడు రకాలుగా ఉంది. ఒకసారి 'శ', ఒకసారి 'స', మూడోసారి ఆ రెండూ కానిదేదో.

వెక్కిరిస్తున్నాననుకోకు. నీ వయసులో నేను చేసిన నిర్వాకం మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. బస్టాండ్‌లో ఓ చిన్న పుస్తకం కొన్నాను. అందులో ఉన్నవాటిలో అన్నిటికంటే భయంకరంగా కనిపించిన మంత్రం ఎంచుకుని, పగలంతా పస్తుండి, రాత్రి పెరటి గదిలో తలుపేసుకుని మొదలుపెట్టాను. నాలుగో రాత్రి గజ్జెల చప్పుడు. ఒళ్లంతా చెమట. దేవత ప్రత్యక్షమైందనుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను. తీరా చూస్తే పక్కింటి లేగదూడ గోడ దగ్గరికొచ్చి మెడ గోక్కుంటోంది. మా అమ్మ రెండు తగిలించి మజ్జిగన్నం తినిపించింది. చాలా ఏళ్లకు ఇంకో పుస్తకంలో అదే మంత్రం చూశాను. నేను జపించిన అచ్చులో బీజాక్షరం కింద రావత్తే లేదు! నాలుగు రాత్రులు 'హ్రీం' బదులు 'హీం' అంటూ కూర్చున్నానన్నమాట.

ఆ దూడ గొడవ తర్వాత మా ఊళ్లో వేదం చదువుకున్న ఓ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఏ మంత్రమూ ఇవ్వలేదు. విష్ణు సహస్రనామం మొదటి పంక్తి ఒక్కటి చదవమన్నారు. 'విశ్వం విష్ణుర్వషట్కారో భూతభవ్యభవత్ప్రభుః'. ఎంతసేపని? పది రోజులు! నువ్వూ అక్కడే మొదలుపెట్టు. నోటి ముందు అరచేయి పెట్టుకో. 'భ' అన్న ప్రతిసారీ గాలి చేతికి తగలాలి. ఆ పంక్తిలో నాలుగు 'భ'లున్నాయి, నాలుగుసార్లూ తగలాలి. మనం మామూలుగా మాట్లాడేటప్పుడు 'భయం' అనకుండా 'బయం' అనేస్తాం కదా, అందుకని మొదట్లో ఒకటో రెండో తప్పకుండా జారిపోతాయి. 'విశ్వం'లో నాలుక అంగిలి దగ్గరుంటుంది, 'విష్ణు'లో ఇంకాస్త వెనక్కి మడత పడుతుంది. చివరి విసర్గను మింగేయకు, 'ప్రభుహు' అన్నట్టు వినిపించాలి. ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. ఈ పనికి ఫోన్ బంగారం లాంటిది.

అక్షరం కాస్త అటూ ఇటూ అయితే కొంపలు మునుగుతాయా అంటావు. కొడుకుతో ఓ తండ్రి చెప్పినట్టున్న పాత శ్లోకం ఒకటుంది. ఎక్కువ చదవకపోయినా పర్లేదు నాయనా, వ్యాకరణం మాత్రం చదువు అంటాడు. ఎందుకంటే 'స్వజన' అంటే మనవాళ్లు, 'శ్వజన' అంటే కుక్కలు. 'సకలం' అంటే మొత్తం, 'శకలం' అంటే ముక్క. 'సకృత్' అంటే ఒక్కసారి, 'శకృత్' అంటే పేడ. ఇక నీ వాయిస్ మెసేజ్ ఇంకోసారి విను.

తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి అని ఉంది. అందులో చదవడం నేర్చుకోడానికి కావలసినవి ఆరు చెప్పారు: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం. వర్ణం ఇప్పటిదాకా చెప్పిందే. మాత్ర అంటే హ్రస్వ దీర్ఘాల కొలత. బలం అంటే ఎక్కడ ఎంత ఒత్తాలో. సామం అంటే ఒకే నడక, సంతానం అంటే అక్షరాన్ని అక్షరంతో తెగకుండా కలపడం (కడుపున పుట్టేది కాదు). స్వరం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. వేదమంత్రాలకు ఉదాత్తం (హెచ్చు), అనుదాత్తం (తగ్గు), స్వరితం (హెచ్చు నుంచి దిగేది) అని మూడు. పుస్తకంలో అక్షరం కింద అడ్డగీత ఉంటే అనుదాత్తం, పైన నిలువుగీత ఉంటే స్వరితం, ఏదీ లేకపోతే మామూలుగా ఉదాత్తం. కొడుకును చంపిన ఇంద్రుడి మీద పగతో దేవశిల్పి త్వష్ట యాగం చేసి 'ఇంద్రశత్రువు వర్ధిల్లుగాక' అన్నాడు. ఉదాత్తం చివర పెడితే ఇంద్రుణ్ణి చంపేవాడని అర్థం. ఆయన మొదట పెట్టాడు. దాంతో ఇంద్రుడి చేతిలో చచ్చేవాడని అర్థం మారిపోయింది. ఆ యాగంలోంచి పుట్టిన వృత్రుడనే రాక్షసుడు ఇంద్రుడి చేతిలోనే పోయాడు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి చూడు. స్తోత్రాలకూ నీ బీజాక్షరాలకూ ఈ స్వరాల బాధ లేదు, అక్షరమూ మాత్రా సరిగ్గా ఉంటే చాలు. వేదమంత్రాలు మాత్రం ఎదురుగా కూర్చుని నేర్చుకోవలసిందే, యూట్యూబ్ చూసి వద్దు.

పాణినీయ శిక్ష అని ఉచ్చారణ గురించిన పాత గ్రంథం ఉంది. అందులో ఆరుగురు అధమ పాఠకుల్ని లెక్కపెట్టారు. పాటలా సాగదీసేవాడు, గబగబా చదివేవాడు, తలూపేవాడు, రాసింది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు. ఇందులో నాలుగు నీకు సరిపోతాయి. ఆ రోజుల్లో నాకు ఆరూ.

ఇక నీ 41 రోజుల లెక్క. మంత్రంలో ఎన్ని అక్షరాలుంటే అన్ని లక్షల జపం ఒక పురశ్చరణ (మంత్రం సిద్ధించడానికి చేసే పూర్తి సాధన) అని పెద్దలమాట. గాయత్రికి 24 లక్షలు. రోజుకు వెయ్యి చొప్పున చేసినా ఆరున్నరేళ్లు దాటుతుంది. ఆపైన హోమం, తర్పణం వేరే ఉన్నాయి. 41 రోజులన్న వాడికి లెక్కలైనా రాకపోయి ఉండాలి, నీకు రావన్న ధైర్యమైనా ఉండి ఉండాలి. ఆ మంత్రానికి ఋషి ఎవరు, ఛందస్సు ఏది, దేవత ఎవరు అని వాణ్ణి అడిగి చూడు. దీక్షకని పదకొండు వేలు అడిగాడన్నావు, పైసా పంపకు.

ఆగలేను, ఇప్పుడే ఏదో ఒకటి చేయాలంటావా, నామజపం చేసుకో. దానికి ఏ దీక్షా అక్కర్లేదు. పైకి వినపడేలా చెయ్యి. పెదవులు మాత్రమే కదిలే ఉపాంశువూ మనసులో చేసే జపమూ గొప్పవంటారు, కానీ కొత్తలో మనసులో మొదలుపెడితే రెండో నిమిషానికి ఆఫీసు మీటింగ్‌లో ఉంటావు. మాల తిప్పేటప్పుడు చూపుడువేలు తగలనివ్వకు, మాల రెండు కొసలూ కలిసేచోటున్న మేరుపూస దాటకు. తిని, నిద్రపోయి చెయ్యి. నిద్ర పట్టకపోయినా, చప్పుళ్లు వినిపిస్తున్నా అదేదో సిద్ధి అనుకోకు. అన్నీ ఆపేసి నాకు ఫోన్ చెయ్యి, డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

మెసేజ్ చివర్లో అడిగీ అడగనట్టు అడిగావే, ఆ అమ్మాయి మనసు మారుతుందా అని. దానికి నా దగ్గర మంత్రం లేదు. ఉన్నా చెప్పను. ఆ పిల్లతో నువ్వే ఒకసారి మాట్లాడు, వద్దంటే ఇక వదిలెయ్.

సంక్రాంతికి వస్తావుగా. భోగి మంట చల్లారాక అరుగు మీద కూర్చోబెట్టి ఆ పంక్తి చదివిస్తాను. నాలుగు 'భ'లూ సరిగ్గా పలికితే రెండో పంక్తికి వెళ్దాం.

మీ మామయ్య