హాంగ్‌జౌ చలికాలం: చైనా వైద్యంలో మనం ఏవి పాటించవచ్చు?

ప్రశ్న: జనవరిలో ఉద్యోగం మీద హాంగ్‌జౌ వెళ్తున్నాను. నాకు షుగర్ ఉంది. చలికాలంలో అక్కడివాళ్ళు తమ సంప్రదాయ వైద్యం ప్రకారం చాలా జాగ్రత్తలు తీసుకుంటారట. మనం కూడా పాటించవచ్చా?

జవాబు: పాటించవచ్చండి. కానీ ఇంట్లో చేసుకునేవి వేరు, డాక్టరు చూసి ఇవ్వాల్సినవి వేరు. మొదటివి దిగిన రోజు నుంచే మొదలుపెట్టొచ్చు. రెండోవి మాత్రం ఎవరో చెప్పారని ఆన్‌లైన్‌లో కొనుక్కుని మింగకండి. కొన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ చూసింది చెప్తున్నాను.

ముందు ఇక్కడి చలి సంగతి. చైనాను ఉత్తర, దక్షిణాలుగా విడదీసే గీతలా చెప్పుకునే హువాయ్ నదికి ఉత్తరాన ఉన్న నగరాల్లో చలికాలమంతా ఇళ్ళకు గొట్టాల ద్వారా వేడి సరఫరా అవుతుంది. హాంగ్‌జౌ ఆ గీతకు దక్షిణాన ఉంది, ఆ భాగ్యం లేదు. జనవరి సగటు 5 డిగ్రీల చుట్టుపక్కలే అయినా గాలిలో చెమ్మ ఎక్కువ. రాత్రి దుప్పటి తీస్తే తడిసినట్టు చల్లగా తగులుతుంది. బీజింగ్ నుంచి వచ్చిన మా ఆఫీసువాళ్ళే ఇక్కడ వణుకుతారు. అందుకే ఈ ఊరివాళ్ళ జాగ్రత్తలన్నీ ఇంట్లో చలిని తట్టుకోవడం చుట్టూనే ఉంటాయి.

చైనా వైద్యం లెక్కలో చలికాలం శక్తిని దాచుకునే కాలం. పెందలాడే పడుకోవాలి, ఎండ వచ్చాక లేవాలి, చెమటలు కారేలా ఒళ్ళు అలవకూడదు. రాత్రి తొమ్మిది దాకా ఆఫీసులో ఉండేవాళ్ళకు ఈ మాట ఎవరు చెప్పాలో గానీ, పాటిస్తే మాత్రం మంచిదే.

నాకు అన్నిటికన్నా నచ్చింది రాత్రి పూట కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకోవడం. మా ఇంటి ఓనరు ఆంటీ చెక్క బకెట్ ఒకటి ఇచ్చింది, మోకాళ్ళకు కాస్త కింది దాకా వస్తుంది. అందులో అల్లం ముక్కలు, ఎండిన 'ఐ' ఆకు గుప్పెడు వేస్తారు. ఇది మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి జాతిదే, వాసన కూడా దగ్గరదగ్గరగా ఉంటుంది. నీళ్ళు 40 డిగ్రీలు దాటకుండా ఓ పావుగంట, నుదుటి మీద సన్నగా చెమట పడితే చాలు. నాకైతే వెంటనే నిద్ర పడుతుంది. మీకు షుగర్ ఉంది కాబట్టి నీళ్ళ వేడి పాదంతో చూడకండి. నరాలు మొద్దుబారితే కాలినా తెలియదు. థర్మామీటరు పెట్టండి, పాదాల మీద పుండ్లుంటే అసలు వద్దు. వేడినీళ్ళ సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని నిద్రపోవడం కూడా మీకు పనికిరాదు.

తిండిలో ముల్లంగి, అల్లం, మాంసాహారులకు గొర్రె మాంసం సూపు. అందరికీ అన్నీ పడవు. నోటిపూత, ముక్కులో రక్తం లాంటివి వచ్చేవాళ్ళను వేడి ఒళ్ళంటారు, గొర్రె మాంసం తగ్గించమంటారు. ఈ వేడీ చలవా గొడవ మనకు కొత్త కాదు కాబట్టి సులభంగానే బుర్రకెక్కుతుంది. ఎండు ఎర్ర రేగుపండ్లు వేసిన టీ ఆఫీసులో అందరూ ఇస్తారు. తీపి ఎక్కువ, మీరు మొహమాటపడకండి.

ఇక అసలు మందు. షాంఘై, హాంగ్‌జౌ వైపు చలికాలంలో 'గావ్‌ఫాంగ్' అని లేహ్యం లాంటిది తింటారు. డాక్టరు నాడి పట్టి, నాలుక చూసి, ఒక్కొక్కరికి విడిగా రాసిస్తాడు. ఒక్కో చీటీలో ఇరవై, ముప్ఫై మూలికలు ఉండటం మామూలే. వాటిని నానబెట్టి, పదేపదే కాచి, వడకట్టి చిక్కబరుస్తారు. మన అరిసెల పాకం చూసినట్టే, చుక్కను నీళ్ళలో వేసి ముద్ద కడుతుందా అని చూస్తారు. ఇక్కడ 1874లో పెట్టిన హు చింగ్ యూ థాంగ్ అనే పాత మందుల కొట్టు ఉంది, దానికి మ్యూజియం కూడా ఉంది. తినకపోయినా చూసి రండి.

నేనూ ఒకసారి ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ రెండు మణికట్లూ మూడేసి వేళ్ళతో చాలాసేపు పట్టుకుంది. నాలుక మీద తెల్లటి పూత మందంగా ఉంది, ఒంట్లో చెమ్మ ఉంది, ఇప్పుడు లేహ్యం తింటే అరగదు అని చెప్పి, ముందు కషాయం రాసింది. దాన్ని ఆసుపత్రివాళ్ళే కాచి పాల ప్యాకెట్లలా సీలు చేసి ఇచ్చారు. వేడినీళ్ళలో పెట్టి వెచ్చచేసుకుని తాగడమే. చేదు గురించి చెప్పను. అరుగుదల బాగైంది, కానీ అదే రోజుల్లో రాత్రి భోజనం తొందరగా తినడం మొదలుపెట్టాను. అందుకని పేరంతా కషాయానికి ఇవ్వలేను.

మీ విషయంలో లేహ్యం దగ్గర ఒక చిక్కుంది. మామూలుగా అందులో తేనె, పటికబెల్లం, గాడిద చర్మంతో చేసిన జిగురు వేస్తారు. తీపీ జిగురూ లేకుండా కూడా చేస్తారు, అడగాలి. బీపీ ఉంటే అందులో వేసే అతిమధురం తగదు, బీపీని పెంచుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళకు 'దాంగ్‌గుయ్' అనే మూలిక ప్రమాదం. జ్వరం, ఆయాసం వస్తే ఇవన్నీ పక్కన పెట్టి, పెద్దాసుపత్రుల్లో జ్వరాలకు విడిగా ఉండే విభాగానికి వెళ్ళండి. ఫ్లూ టీకా బయల్దేరేముందే వేయించుకోండి.

మీరొచ్చేది జనవరిలో, లేహ్యం మొదలుపెట్టేది నవంబరు, డిసెంబరుల్లో. కాబట్టి ఈ చలికాలానికి బకెట్టూ ముల్లంగీ చాలు. రోజూ వేసుకునే మాత్రల పేర్లు, మోతాదు చైనీస్‌లో రాయించి ఫోన్లో పెట్టుకోండి. ఇక్కడ ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు అడిగేది అదే.