పాల్కురికి సోమన్న ఆధారాలు ఎక్కడివి?
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: నమస్తే సార్. నాది హన్మకొండ, పీహెచ్‌డీ రెండో సంవత్సరం. కాకతీయుల కాలం కవి పాల్కురికి సోమనాథుడు వీరశైవ సిద్ధాంతం (బసవన్న నడిపిన శివభక్తి దారి) చెప్పేటందుకు పాత ఆధారాలను ఎట్ల వాడుకున్నడు అనేది నా టాపిక్. టాపిక్ అయితే ఓకే అయింది గని ఇప్పుడు అందరిది ఒకటే మాట, ఆయన కవి, కథలు రాసిండు, ఆయనకు ఆధారాలు ఎక్కడివి, ఆర్కైవ్స్ ఎక్కడివి అంటున్నరు. మా సీనియర్ ఒకాయన, సోమన్న రాసిన బసవపురాణంల, బసవన్న కొలువు చేసిన రాజు బిజ్జలుణ్ని చంపిన కథే నిజం కాదు, అది పట్టుకొని ఏం హిస్టరీ రాస్తవ్ అన్నడు. ఆ రోజు నుంచి చాప్టర్ ముందుకు పోతలేదు. ఎక్కడ మొదలుపెట్టాలె, ఏ లైబ్రరీలకు పోవాలె?
– పరిశోధక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: చెల్లె, ఆధారాలు ఎక్కడివి అని అడిగినోళ్లకు సోమన్ననే జవాబు చెప్పి పెట్టిండు, వాళ్లు చదవలేదు అంతే. బసవపురాణం మొదట్లనే ఆయన అంటడు, పాత భక్తుల పాటలే నాకు మాతృక (మూలం), పూసలల్ల దారం లెక్క ఆ భక్తుల కథలల్ల బసవని కథ నడిపిస్త అని. ఇంతకంటె సాఫ్‌గా తన సోర్స్ చెప్పుకున్నోళ్లు ఆ కాలంల ఎంతమంది ఉన్నరు? నీ మొదటి చాప్టర్ ఆడ్నే ఉంది.

ఇగ అసలు సంగతికి వస్త. కాకతీయుల కాలంల శైవం అంటె ఒక్కటే కాదు కదా, గణపతిదేవుని గురువు విశ్వేశ్వర శివాచార్యుడు గోళకీ మఠం అనే పెద్ద శైవ మఠమాయన, ఆయన ముచ్చట 1261 మల్కాపురం శాసనంల రాయి మీద చెక్కి ఉంది, ఊర్లు, భూములు, మఠం ఖర్చులు అన్ని. రాజగురువులకు రాయి దొరికింది. చాకలి మడివాలు మాచయ్యకు, శివునికి తల్లి లేదని తనే తల్లై సాకిన బెజ్జ మహాదేవికి శాసనం ఎవరు ఏయించాలె? వాళ్లకు పాటే దిక్కు. సోమన్న ఆ పాటలనే ప్రమాణం చేసుకున్నడంటె, వేరే దిక్కులేక అని నేను అనుకోను, ఆయన సిద్ధాంతమే అది, భక్తుడే పెద్ద, భక్తుని మాటే పెద్ద. ఇది నా అభిప్రాయం, మీ గైడ్ ఒప్పుకోకపోవచ్చు, కొట్లాడు.

అట్లని ఆయనకు శాస్త్రం రాదనుకునేవు. ఆయనదే ఇంకో పుస్తకం పండితారాధ్య చరిత్రల వాద ప్రకరణం తీసి చూడు, బౌద్ధులతోటి వాదన వచ్చేసరికి వేదం, స్మృతులు బయటికి తీస్తడు. పర్వత ప్రకరణంల మళ్ల శ్రీశైలం పోయే జనం, తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు. ఎవరితోటి మాట్లాడుతున్నడో దాన్ని బట్టి సాక్ష్యం మారుతది, మనిషి ఒక్కడే. ఈ తేడా మీద నువ్వు వంద పేజీలు రాయొచ్చు.

ఎట్ల పని చేయాలె అంటె ఒక్క కథ పట్టుకో, శివునికి కొడుకునే వండి పెట్టిన భక్తుడు సిరియాళుని కథే తీసుకో. తమిళ పెరియ పురాణంల ఆయన పల్లవుల సేనాపతి, వాతాపి యుద్ధంల గెలిచి వచ్చినోడు. శ్రీనాథుని హరవిలాసం కాడికి వచ్చేసరికి కంచిల కోమటి, ఆ కావ్యం అంకితం తీసుకున్నది కూడ అవచి తిప్పయ్య సెట్టి అనే వర్తకుడే, చూసినవా. నడుమ సోమన్న చేతిల ఆ కథ ఏమైంది, కత్తి ఎక్కడ పోయింది, తక్కెడ ఎక్కడ వచ్చింది, మూడు పాఠాలు పక్కపక్కన పెట్టి లైన్ లైన్ చూడు. ఆయన ఏం మార్చిండో అక్కడ ఆయన సిద్ధాంతం దొరుకుతది.

బిజ్జలుని సంగతి. బసవపురాణంల జగదేవుడు చంపిండు, జైనుల పుస్తకాలల్ల ఇంకో తీరు ఉంది. బిజ్జలుడు ఎట్ల సచ్చిండో తేల్చుడు నీ పని కాదు, ఆ చావు ఇట్లనే కావాలని సోమన్నకు ఎందుకు అనిపించింది, అది నీ పని. పైగా అన్నీ ఉత్తయే అంటె కూడ తప్పే, కర్ణాటకల అర్జునవాడ శాసనం, 1260ది, బసవని తండ్రి పేరు మాదిరాజు అనే చెప్తది, సోమన్న చెప్పింది కూడ అదే పేరు. మీ సీనియర్‌కు చాయ్ తాగిపిచ్చి ఈ ముక్క చెప్పు.

ఒక్క చిక్కు మాత్రం ఉంది, దాన్ని దాటకు. సోమన్న కాకతీయ రాజులల్ల మొదటి ప్రతాపరుద్రుని కాలమా, రెండో ప్రతాపరుద్రుని కాలమా అనే పంచాయితీ ఇంక తెగలేదు. మొదటాయన అంటె మన వేయిస్తంభాల గుడిల 1163 శాసనం ఏయించిన రుద్రదేవుడు, అప్పుడైతే బసవన్నను చూసినోళ్లు కొందరు బతికే ఉంటరు, సోమన్న విన్న అన్నదానికి ఒక బరువు. రెండో ఆయన అయితే నూరేండ్లు దాటినయి, విన్న అంటె అప్పటికే పాటైపోయింది విన్నట్టు. రెండు వాదాలు పెట్టి, దేని మీద నిలబడ్డవో చెప్పి ముందుకు పో.

లైబ్రరీలంటె, ఉస్మానియా క్యాంపస్‌ల ప్రాచ్య లిఖిత గ్రంథాలయం (తాటాకు పుస్తకాలు ఉండేది) ముందు, తర్వాత చెన్నైల అసొంటిదే, తంజావూరు సరస్వతి మహల్. తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌ల ఎక్కువ మొగలుల, నిజాం కాలం కాయితాలు, ఫార్సీ, ఉర్దూ, నీ పనికి పెద్దగ రావు. తాటాకులు సోమన్న చేతివి కావు, శానా ఏండ్ల తర్వాత ఎవరో ఎత్తి రాసినయి, పాఠభేదాలు ఉంటయి, అందుకే బసవపురాణం 1926 అచ్చుప్రతికి వేటూరి ప్రభాకరశాస్త్రి గారు రాసిన పీఠిక ముందు చదివి పో. గైడ్ సంతకం, స్టాంపు ఉన్న లెటర్ పట్టుకపో. ప్రతి నోట్ మీద తాళపత్రం నంబర్, ఆకు నంబర్, ఏ పక్క అనేది రాయి. నేను ఒకసారి పుస్తకం పేరు ఒక్కటే రాసుకొని వచ్చిన, అదే పేరుతోటి నాలుగు ప్రతులున్నయి, మళ్ల కాజీపేటల రైలెక్కి రెండు రోజులు పోగొట్టుకున్న.

ప్రశ్న: సోమన్న ద్విపద (రెండ్రెండు పాదాల పద్యం) చదువుతుంటె అర్థమైతలేదు సార్, వచనంల వచ్చినయి చదివితె నడువదా?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: కథ కోసమైతె నడుస్తది, పరిశోధనకు నడువది. జానుతెనుగుల, అంటె జనం మాట్లాడే తేట తెలుగుల చెప్త అన్నాయన మాట, నోటితోటి గట్టిగ చదువు, రెండ్రెండు పాదాలు. సగం అక్కడ్నే తెలుస్తది. మిగిలిన సగానికి సూర్యరాయాంధ్ర నిఘంటువు పక్కన పెట్టుకో. ఊర్ల ముసలోళ్లను కూడ అడుగు, కొన్ని మాటలు వాళ్ల నోట్లనే ఉన్నయి.