క్యాంపస్‌లో పార్కింగ్ కొరతను బస్ పాస్ తీర్చగలదా?

తీర్చగలదు, కానీ పాస్ ఒక్కటే చాలదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 1991లో యూ-పాస్ పథకాన్ని ప్రారంభించినప్పుడు, పాస్‌ను చౌకగా ఇవ్వడంతోనే ఆగకుండా పార్కింగ్ రుసుమును పెంచి, ఆ రాబడిలో కొంత భాగాన్ని పాస్‌ల ఖర్చుకు మళ్లించింది. క్యాంపస్‌కు బస్సులు కూడా పెరిగాయి. ఈ మూడూ కలవడమే కీలకమని నా అభిప్రాయం. పార్కింగ్ ఉచితమైతే దాని నిర్మాణ, నిర్వహణ ఖర్చు కారు లేని విద్యార్థిపైన కూడా పడుతుంది, ఇది స్పష్టమైన అన్యాయం. బస్సులు అరుదుగా వస్తే, పాస్ ఎంత చౌకైనా, రాత్రి పొద్దుపోయాక ప్రయోగశాల నుంచి ఇంటికి వెళ్లేవారు కారును వదలరు. 2011లో విద్యార్థులందరికీ యూ-పాస్ రుసుమును తప్పనిసరి చేయడంతో, ఖర్చును ఎక్కువమంది పంచుకుని పాస్ ధర తగ్గింది. 2016లో క్యాంపస్ స్టేడియం పక్కన నగర రైలు సర్వీసు ‘లింక్’ స్టేషన్ తెరుచుకుంది. అదే పాస్‌తో రైలెక్కి డౌన్‌టౌన్ చేరుకోవచ్చు.