కర్ర కనబడగానే దౌడు తీసే గుర్రానికి

అన్నా, చంద్రగిరి దగ్గర మీ మార్వారీ జాతి ఆడగుర్రం దూకడానికి అడ్డంగా పెట్టిన కర్ర కనబడగానే తల ఎగరేసి దౌడు తీస్తోందని, పగ్గం లాగితే ఇంకా రెచ్చిపోతోందని రాశారు. అలా పరిగెత్తేది ఎక్కువగా భయంతోనే. గుర్రానికి సరిగ్గా నుదుటి ముందు కొంత మేర కనబడదు. పగ్గం బిగిస్తే తల కదిపి దూరం అంచనా వేసుకోలేదు, పైగా నోరు నొస్తుంది.

దూకించడం కొన్నాళ్లు ఆపేయండి. నేలమీద ఒక్క కర్ర పెట్టి, మీరు దిగి పక్కన నడిపించండి, వాసన చూడనివ్వండి. మెడ కిందికి దించి, బుస్సుమని ఊపిరి వదిలిందంటే ఆ పూటకి చాలు, జీను దించేయండి. తర్వాత ఎక్కి నడకలో, ఆపైన ట్రాట్‌లో (నడకకీ దౌడుకీ మధ్య వేగం) 3 కర్రలు, సుమారు 4.5 అడుగుల ఎడంలో. పొట్టి గుర్రమైతే ఇంకాస్త దగ్గరగా. వేగం పెంచిందా, కర్రకు చాలా ముందే గుండ్రంగా తిప్పి, నెమ్మదించాకే మళ్లీ రండి. దూకే రోజు వచ్చాక చేతులు మెడ వెంట ముందుకు వదలండి. తూలితే జూలు పట్టుకోండి గానీ నోరు మాత్రం లాగొద్దన్నా, అక్కడే నమ్మకం పోతుంది.

ఉలవలు ఎక్కువ పెడుతుంటే తగ్గించి గడ్డి పెంచండి. వీపు తడిమితే ముడుచుకుంటోందా? అయితే ఇవన్నీ పక్కనపెట్టి, ముందు తిరుపతి వెటర్నరీ కాలేజీలో వీపు, పళ్లు చూపించండి.